పక్కన ‘అప్రస్తుతం’ అని రాసిన వాక్యం

ఈసారి ఉత్తరం ఒక కళాశాల అధ్యాపకురాలు రాశారు. పేరు, వివరాలు ప్రచురించవద్దని కోరారు కనుక అందులోని సారాంశాన్ని మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె ప్రపంచ సాహిత్యం కోర్సు చెప్పడం ఇది మూడో ఏడు. తరగతిలో 58 మంది ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, వ్యాసం రాయవలసిన భాష మరొకటి. ఒక గ్రీకు విషాదాంత నాటకం, మనిషి అసహ్యమైన జీవిగా మారిపోయే కాఫ్కా కథ ‘మెటమార్ఫసిస్’, నైజీరియా రచయిత చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ పూర్తి చేశాక, వారం గడువిచ్చి, నాలుగు పేజీలు మించకుండా 20 మార్కుల వ్యాసం ఒకటి ఇంటి దగ్గర రాసుకురమ్మన్నారు. ఇచ్చిన రెండు ప్రశ్నల్లో ఎక్కువమంది ఎంచుకున్నది అచెబె నవల నాయకుడు ఒకోంక్వో మీది ప్రశ్న: ‘ఒకోంక్వో పతనానికి కారణం అతనిలోనే ఉందా, బయటి నుంచి వచ్చిందా?’ ఆమె నాలుగు రాత్రులు కూర్చుని వాటిని దిద్దారు. ఒక అమ్మాయి వ్యాసానికి 17 వేశారు. అరిస్టాటిల్ చెప్పిన విషాద నాయకుడి లక్షణాలతో మొదలై, వాటిని ఒక్కొక్కటిగా ఒకోంక్వోకు అన్వయించి, చక్కని ముగింపుతో ఆగిన వ్యాసం అది. ఒక అబ్బాయి వ్యాసానికి 11 వేశారు. అతని వాక్యాలు మధ్యలో తెగిపోయాయి, భూత వర్తమానాలు కలగాపులగం అయ్యాయి, ముగింపు అసలు లేదు.

మార్కులు ప్రకటించిన మర్నాడు ఆ అబ్బాయి వచ్చి, కోపమేమీ లేకుండా, “మేడమ్, నా భాష బాగోలేదని నాకు తెలుసు. ఆలోచనలో తప్పు ఎక్కడుందో చెప్తే దిద్దుకుంటాను” అన్నాడు. సోమవారం రమ్మని చెప్పి, ఆమె ఆ వ్యాసాన్ని ఇంటికి తీసుకువెళ్లి మళ్లీ చదివారు. మూడో పేజీలో, పక్కన ఎర్ర సిరాతో తానే ‘అప్రస్తుతం’ అని రాసిన చోట, ఈ అర్థం వచ్చే వాక్యాలు కనిపించాయి: ‘చివరికి అధికారి ఇతనికి ఒక పేరా చాలంటాడు. మాకు నాలుగు పేజీలు ఇచ్చారు. తేడా ఎంత?’ ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు. మరో సెక్షనుకు ఇదే కోర్సు చెప్పే సీనియర్ అధ్యాపకుడిని సలహా అడిగితే, ఒకసారి వేసిన మార్కు మార్చవద్దని, ఒకరికి మారిస్తే రేపటి నుంచి వరుస కడతారని, భాష సరిగా రాయించడం కూడా మన బాధ్యతేనని అన్నారు. ఆ మాటల మధ్యలోనే, కాఫ్కా మీద మరో విద్యార్థి రాసిన వ్యాసం ‘పురుగు’ అనే అనువాదకుడి మాట మీద నిలబడింది కనుక దానికి విలువ లేదని కూడా తేల్చేశారు. పైగా ఆ 17 మార్కుల వ్యాసం కృత్రిమ మేధ చేత రాయించినదేమో అన్న అనుమానం ఇప్పుడు ఆమెను పీడిస్తోంది. ‘ఆ అబ్బాయి మార్కు మార్చాలా? అసలు నేను దిద్దుతున్నది సాహిత్యాన్నా, భాషనా?’ అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం

మేడమ్, మీరు ‘అప్రస్తుతం’ అన్న ఆ వాక్యాల దగ్గరే మొదలుపెడతాను. ఆ నవల 25 అధ్యాయాలు. చివరి పేజీలో బ్రిటిష్ జిల్లా కమిషనర్, ఒకోంక్వో ఉరి వేసుకున్న చోటు నుంచి వెనక్కి వెళ్తూ, తాను రాయబోయే పుస్తకంలో ఈ మనిషికి ఒక అధ్యాయం అక్కర్లేదు గానీ ఓ మోస్తరు పేరా ఇవ్వవచ్చునని లెక్క వేసుకుంటాడు. అతని కుస్తీ గెలుపును, తండ్రి అంటే ఉన్న ఏవగింపును, కూతురి మీద పైకి చెప్పుకోలేని ప్రేమను అంతసేపూ దగ్గరగా చూస్తూ వచ్చిన పాఠకుడికి ‘పేరా’ అన్న మాట చెంప మీద కొట్టినట్టు తగలాలి. మీ విద్యార్థికి తగిలింది. అంతటితో ఆగకుండా, ఆ అధికారి చేసిన పనినే తానూ చేస్తున్నానేమో అన్న సందేహం కూడా కలిగింది. ఎన్నో ఏళ్లుగా ఈ నవల మీద వ్యాసాలు చదువుతున్న నాకు, పేజీల పరిమితిని నవలకే ముడిపెట్టి ప్రశ్నించిన విద్యార్థి ఇంతవరకు తగల్లేదు.

అయినా మీ ఎర్ర సిరా పూర్తిగా అన్యాయమని అనలేను. ఆ వాక్యాలు మీరు అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పవు. అతను వాటిని అక్కడే వదిలేసి ముందుకు పోయాడు. కాని మీరు జతపరచిన నకలులో రెండో పేజీ చూడండి. ఒకోంక్వో ఇంట్లో పెరిగిన ఇకెమెఫునా అనే కుర్రవాణ్ణి చంపే సన్నివేశాన్ని అతను నాలుగు విరిగిన వాక్యాల్లో చెప్పాడు: దెబ్బ తిన్న కుర్రవాడు తండ్రీ అని పిలుస్తూ ఒకోంక్వో వైపు పరిగెత్తుకు రావడం, తనను పిరికివాడనుకుంటారన్న భయంతోనే ఒకోంక్వో కత్తి దూయడం. ఆ తర్వాత, ఈ భయం అతని లోపల ఉన్న మాట నిజమే గానీ దాన్ని అక్కడ పెట్టింది అప్పులపాలై చనిపోయిన తండ్రి, చుట్టూ చూస్తున్న ఊరు అని రాశాడు. మీ ప్రశ్నకు జవాబు అదే. లోపల, బయట అని మీరు గీసిన గీత నిలవదని చెప్పిన జవాబు. క్రియాపదాలు తప్పుల తడకగా ఉండడంతో అది మీ కంట పడలేదు. నేను దిద్ది ఉంటే ఆ వ్యాసానికి 14 వేసేవాణ్ణి, బహుశా 15. ముగింపు లేదు కనుక అంతకు మించి వేసేవాణ్ణి కాదు.

ఇక 17 మార్కుల వ్యాసం. అందులో నవల నుంచి ఒక్క సన్నివేశం కూడా లేదని మీరే రాశారు. అరిస్టాటిల్ తన కొలతను తయారుచేసుకున్నది ఏథెన్స్ నాటకశాలలో ఆడిన నాటకాలను దృష్టిలో పెట్టుకుని. ఆ కొలతతో నైజీరియాలోని ఇగ్బో ప్రజల జీవితం మీద 1958లో వెలువడిన నవలను చూడకూడదని నేను అనను. చూస్తే కొన్ని సంగతులు బాగానే తెలుస్తాయి. అయితే ఈ నవల తన కొలతను తానే వెంట తెచ్చుకుంది. మనిషి ఔనంటే అతని ‘చి’, అంటే అతనికంటూ ఉన్న దైవం, కూడా ఔనంటుందన్న ఇగ్బో సామెత మొదట్లో వస్తుంది. ప్రవాసానికి వెళ్లాక, తాను ఔనన్నా తన ‘చి’ కాదంటోందని ఒకోంక్వోకు అనిపిస్తుంది. లోపలా, బయటా అన్న తగవును నవల తన సొంత మాటలతో ముందే పెట్టి ఉంచింది. ఆ అమ్మాయి అరిస్టాటిల్‌ను ‘చి’ పక్కన నిలబెట్టి చూసి ఉంటే ఆ వ్యాసానికి 17 కూడా తక్కువే అయ్యేది. అలా చూడకపోవడంలో తప్పు ఆమె ఒక్కదానిదే అనలేం. గ్రీకు నాటకం ముందు చెప్పి, ఆ తర్వాత ఈ నవలకు వచ్చి, ‘పతనం’ అనే మాటతో ప్రశ్న ఇచ్చింది మీరు. అది విన్న తెలివైన విద్యార్థికి మేడమ్ ఏమి కోరుకుంటున్నారో ఇట్టే అర్థమవుతుంది.

మీరు దిద్దిన తీరును తలుచుకుని మిమ్మల్ని మీరు మరీ నిందించుకుంటున్నారు కనుక ఒక సంగతి చెప్పాలి. 1912లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ అనే ఇద్దరు ఒకే విద్యార్థి ఇంగ్లీషు జవాబు పత్రాన్ని 142 మంది ఉపాధ్యాయుల చేత దిద్దించారు. నూటికి 64 నుంచి 98 దాకా మార్కులు పడ్డాయి. 1961లో పాల్ డీడెరిక్ బృందం 300 వ్యాసాలను 53 మందికి ఇచ్చి, తొమ్మిది తరగతుల్లో ఒక దానిలో పెట్టమంది. ఐదు కన్నా తక్కువ రకాల తరగతులు వచ్చిన వ్యాసం ఒక్కటీ లేదు. 101 వ్యాసాలకు తొమ్మిదింటికి తొమ్మిదీ వచ్చాయి. ఎందుకిలా అని పరిశీలిస్తే, ఆ పాఠకులు ఒకరు ఆలోచనకు, ఒకరు భాషా దోషాలకు, మరొకరు అమరికకు, ఇంకొకరు పదాల ఎంపికకు, వేరొకరు రాసినవాడి సొంత గొంతుకు ఎక్కువ విలువ ఇస్తున్నారని తేలింది. మీరూ మీ సీనియరూ కూడా ఒకే కోర్సులో ఉంటూ రెండు వేరు వేరు గుంపులకు చెందినవారు కావచ్చు. ఇది మీకు ఊరటే గాని మినహాయింపు కాదు. ఇంతమంది తడబడ్డ పని కనుకనే, పేపరు చేతిలోకి తీసుకోకముందే దేనికి ఎంత విలువో రాసిపెట్టుకోవాలి. మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన ఎక్కడా లేదు.

అతని పేపరు ఏ రాత్రి వచ్చిందో మీకు గుర్తుందా? మొదటి రాత్రి ఉదారంగా, నాలుగో రాత్రి విసుగ్గా ఉండడం దిద్దే ప్రతి ఒక్కరికీ అనుభవమే. అన్నీ అయ్యాక మొదట దిద్దిన పదింటిని మళ్లీ తీసి చూడడం, పేర్లున్న పేజీని మడతపెట్టి చదవడం వంటి చిన్న జాగ్రత్తలకు ఖర్చేమీ లేదు.

ఇప్పుడు మార్కుల మాట. ఆ ఒక్కడికే 11ను 15 చేస్తే పని ఒక్క సంతకంతో అయిపోతుంది, అతనికి న్యాయమూ జరుగుతుంది. కాని అలాంటి వ్యాసమే రాసి, మిమ్మల్ని అడిగే ధైర్యం లేక వెనక బెంచీలో కూర్చుండిపోయిన మరో నలుగురి మాట ఏమిటి? మీ సీనియర్ చెప్పిన వరుస భయం నాకు పెద్దగా లేదు. వరుసలో నిలబడనివాళ్ల గురించే నా చింత. అలాగని ఏమీ మార్చకుండా, తర్వాతి వ్యాసం నుంచి కొత్త పద్ధతి పెడతానంటే నిబంధనల గొడవ ఉండదు, మీ ఇద్దరి మధ్యా మాట రాదు. కాని తప్పు జరిగిందని తెలిసి కూడా ఊరుకున్నారని మీకు తెలుస్తుంది, ఆ 11 అతని మొత్తం మార్కుల్లో అలాగే ఉండిపోతుంది. మొత్తం 58 పేపర్లూ కొత్త కొలమానంతో మళ్లీ దిద్దడం చాలా నిజాయితీగా కనిపించే దారి, అయితే అందులోనూ ఒక అన్యాయం ఉంది: ముందు చెప్పని కొలతతో వెనక్కి వెళ్లి కొలుస్తున్నారు. ఆ దారి పడితే ఎవరి మార్కూ తగ్గించకూడదు. పైగా మళ్లీ నాలుగు రాత్రులే కదా, విసుగు ఈసారి ఇంకొకరి పేపరు మీద పడుతుంది.

అందరికీ తిరగరాసే అవకాశం ఇవ్వడం మరో దారి. రెండు వారాల గడువు పెట్టి, ఏమి మార్చారో, ఎందుకు మార్చారో అర పేజీ వివరణ జతచేయమని, పాత, కొత్త మార్కుల్లో ఎక్కువైనది ఉంచుతానని చెప్పవచ్చు. మీ విద్యార్థి అడిగింది నిజానికి ఇదే. అతను మార్కు అడగలేదు, దిద్దుకుంటానన్నాడు. కాకపోతే చదువుతో పాటు పని కూడా చేసుకుంటున్న విద్యార్థులకు రెండో వ్యాసం భారమవుతుంది, మీకూ భారమే. ఇవన్నీ చూశాక నాకు కొంత మధ్యస్థంగా తోచేది ఒకటి ఉంది. ఎర్ర సిరా అంతా భాష మీదే పడ్డ పేపర్లను, బహుశా పది పన్నెండు ఉంటాయి, విడిగా తీసి, మీ మార్కు కనబడకుండా కొత్త నకళ్లు చేసి, మీ సీనియర్ చేతనో మరొకరి చేతనో చదివించండి. తేడా మూడు మార్కులు దాటిన చోట ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. అప్పుడు ఆ అబ్బాయి మార్కు మారితే అది అడిగినందుకు మారినట్టు కాదు. మార్కులు ఇప్పటికే కార్యాలయానికి చేరి ఉంటే మీ కళాశాల నిబంధనలు ఏమంటాయో ముందు చూసుకోవాలి. అవి ఒప్పుకోకపోతే తిరగరాయించి, దాన్ని తర్వాతి వ్యాసంలో కలపడం తప్ప మరో మార్గం ఉండకపోవచ్చు.

‘సాహిత్యాన్నా, భాషనా’ అన్న మీ ప్రశ్నలో, సీనియర్‌కు సమాధానం చెప్పలేకపోయానన్న బాధ కూడా ఉంది. ఆయన మాటను తీసిపారేయకండి. ఎవరికీ అర్థం కాని ఆలోచనకు మార్కులు వేయలేం. కాని భాషా దోషాలు రెండు రకాలు. కాలం తప్పినా వాక్యం అర్థమైపోతే అది వినేవాడి చెవికి ఇబ్బంది మాత్రమే. ‘అతను’ అన్న మాట తండ్రికి వర్తిస్తుందో, కొడుకుకు వర్తిస్తుందో తెలియకపోతే వాదమే కూలిపోతుంది. మొదటి దానికి ఎన్నిసార్లు జరిగినా ఒకటి రెండు మార్కులకు మించి తగ్గించనని, రెండో దానికి వాదం కింద తగ్గిస్తానని ముందే చెప్పవచ్చు. ఉదాహరణకు 20లో 8 రచనను దగ్గరగా చదివినందుకు, 6 వాదానికి, 3 నేపథ్య అవగాహనకు, 3 భాషకు అని విభజించి చూడండి. ఈ లెక్కన ఆ అమ్మాయి వ్యాసం మొదటి ఎనిమిదిలోనే చాలా పోగొట్టుకుంటుంది. అయితే ఇలాంటి పట్టికకు కూడా ఒక జబ్బు ఉంది: రెండో ఏటికల్లా విద్యార్థులు ఒక్కో గడికి ఒక్కో పేరా రాసి ఇస్తారు, ‘తేడా ఎంత?’ అన్న వాక్యం ఏ గడిలోనూ ఇమడదు. కాబట్టి పట్టిక మొత్తం పూర్తయ్యాక ఒకటి రెండు మార్కులు పైకి జరిపే స్వేచ్ఛ మీ దగ్గర ఉంచుకుని, జరిపినప్పుడు కారణం రాయండి. తర్వాతి వ్యాసానికి ముందు మీరూ సీనియరూ ఒకే ఆరు పేపర్లను విడివిడిగా దిద్ది పోల్చుకుంటే, మీ ఇద్దరి వాదనలో సగం అక్కడే తీరుతుంది.

కాఫ్కా వ్యాసం విషయంలో ఆయన సగం సరి. జర్మన్ మూలంలో ఉన్న ‘ఉంగెత్సీఫర్’ ఫలానా పురుగు పేరు కాదు, ఇంట్లో పుట్టే అసహ్యమైన జీవాలన్నిటికీ కలిపి వాడే మాట. 1915లో పుస్తకం అచ్చవుతున్నప్పుడు ముఖచిత్రం మీద ఆ జీవిని గీయవద్దని, దూరం నుంచి కూడా చూపవద్దని కాఫ్కా ప్రచురణకర్తకు రాశాడు. ‘పురుగు’ అనే మాట చుట్టూనే వాదం అల్లితే అది అనువాదకుడి మీద వాదం అవుతుంది. కాని జర్మన్ రాదని విద్యార్థికి శిక్ష వేస్తే ఈ కోర్సే మూసేయాలి. ప్రపంచ సాహిత్యం అన్న మాటను 1827లో జర్మన్ కవి గోథే వాడినప్పుడు ఆయన చదువుతున్న చైనా నవల కూడా అనువాదమే. ఎవరి అనువాదం చదివారో పేర్కొనడం, ఒక మాట మీద వాదం నిలబెడితే మరో అనువాదంతో సరిచూడడం, ఈ రెండూ ముందే అడగండి. అడగకుండా తగ్గించవద్దు. అలా జీవిగా మారిపోయిన గ్రెగర్ గది తలుపులు, చెల్లెలు పెట్టే తిండి, తండ్రి విసిరిన ఆపిల్ వంటి వాటి మీద ఆ వ్యాసం నిలబడిందేమో చూడండి. అవి ఏ అనువాదంలోనైనా ఉంటాయి.

కృత్రిమ మేధ అనుమానం మీద ఎక్కువ చెప్పను. కనిపెట్టే సాధనాలను నమ్ముకోవద్దు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన సాధనాన్ని ఖచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. అలాంటి సాధనాలు పరాయి భాషలో రాసేవాళ్ల సొంత రాతను కూడా యంత్రం రాతగా చూపిస్తాయని అదే ఏడు పరిశోధకులు తేల్చారు. మీ 58 మందిలో ఎక్కువమంది పరాయి భాషలోనే రాస్తున్నారు. ఆ అమ్మాయిని పిలిచి నిలదీస్తే, ఆమె నిజంగానే రాసుకుని ఉంటే, ఆ గాయం మీ మార్కుతో మానదు. నవలను తెరవని వ్యాసానికి ఎవరు రాసినా 17 రాకుండా కొలమానం ఉంటే, ఈ ప్రశ్న అంతగా మిమ్మల్ని వేధించదు.

సోమవారం అతను వచ్చినప్పుడు మార్కు మాట ముందు తీయకండి. 1988లో రూత్ బట్లర్ పాఠశాల పిల్లల మీద చేసిన అధ్యయనంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు, వ్యాఖ్యతో పాటు మార్కు కూడా అందుకున్నవాళ్లు మెరుగవలేదు. అంకె కనిపించాక కన్ను దాని మీదే ఆగుతుంది కాబోలు. మూడో పేజీ తీసి, ‘అప్రస్తుతం’ అన్న మాటను అతని ఎదుటే కొట్టివేసి, ఆ వాక్యాలను రెండో పేజీలోని భయం గురించిన మాటలతో ఎలా కలపవచ్చునో అడగండి. ఒకోంక్వో భయాన్ని తయారుచేసిన ‘బయట’లో ఆ అధికారి పేరా కూడా ఉందా అని అడిగితే చాలు, మిగిలింది అతనే చెప్పవచ్చు. అర గంట చాలకపోవచ్చు, తర్వాతి పీరియడ్ ఖాళీ ఉంచుకోండి. ఆ వారంలోనే ఆ అమ్మాయినీ పిలిచి, మార్కు తగ్గదని ముందే చెప్పి, ఇకెమెఫునా సన్నివేశం ఉన్న ఏడో అధ్యాయం తెరిచి, అరిస్టాటిల్ మాట ఎత్తకుండా అక్కడ ఏమి జరుగుతోందో చెప్పమనండి.